గనిదీపం నుండి కాంతిబిందువు దాకా

ప్రాణహిత, గోదావరి నదుల లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున బొగ్గు పొరలు పరుచుకొని ఉన్నాయి. ఆ పొరలను ఆశ్రయించి వెలసిన కార్మిక పట్టణాలలో గోలేటి ఒకటి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఈ ఊరు సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రస్థానం. గోలేటి 1, 1ఎ ఇంక్లైన్లలో భూగర్భంలోకి దిగి బొగ్గు తవ్విన తరం ఇక్కడ ఉంది. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే సొరంగమార్గం. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు మస్టర్ వేయించుకొని, ల్యాంపు రూములో దీపాన్ని అందుకొని, దానిని శిరస్త్రాణానికి తగిలించుకొన్న తరువాతనే గనిలోకి అడుగుపెడతాడు. దీపం లేనిదే గనిలో ప్రవేశం లేదు.

ఈ నియమానికి కారణం ఊహించడం కష్టం కాదు. భూమి మీద ఎంత చీకటి రాత్రి అయినా ఆకాశంలో ఒక చుక్క అయినా ఉంటుంది. గనిలో అదీ లేదు. పైకప్పులో పడిన పగులును చూడాలన్నా, కదులుతున్న టబ్బు నుండి తప్పుకోవాలన్నా, తోటి కార్మికుడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవాలన్నా ఆ దీపమే దిక్కు. కనుక గని కార్మికుని జీవితంలో వెలుగు ఒక సౌకర్యం కాదు, ప్రాణాధారం. పదార్థం నుండి వెలుగును రాబట్టే విద్యలో మానవుడు సాధించిన ప్రతి విజయమూ గనిలోని మనిషికి ఏదో ఒక రూపంలో మేలు చేసింది. ఆ విద్యలో ఇటీవలి అధ్యాయమే అర్ధవాహక నానో పదార్థాల పరిశోధన. మిల్లీమీటరులో పది లక్షలవ వంతును కొలమానంగా గల ఈ శాస్త్రం నేడు తిరిగి తిరిగి బొగ్గు దగ్గరికే రావడం విశేషం.

జ్వాల నుండి విద్యుద్దీపం వరకు

తొలికాలపు గనులలో దీపమంటే మండే వత్తి. ఆ మంటే ఆపదకు మూలం. బొగ్గు పొరలలో మీథేన్ వాయువు చిక్కుకొని ఉంటుంది. గాలిలో దాని పాలు 5 నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ సోకినా విస్ఫోటం సంభవిస్తుంది. చూడడానికి దీపం కావాలి. దీపం వెలిగిస్తే ప్రాణం పోవచ్చు. ఈ సంకటానికి 1815లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక పరిష్కారం కనుగొన్నాడు. జ్వాల చుట్టూ సన్నని లోహపు జాలీని అమర్చాడు. గాలి లోపలికి వెళ్తుంది, వెలుగు బయటకు వస్తుంది. జ్వాల వేడిని మాత్రం జాలీ పీల్చుకొని చుట్టూ పంచివేస్తుంది. అందువల్ల బయటి వాయువు అంటుకొనేంత వేడెక్కదు. మీథేన్ ఉన్నచోట ఈ దీపపు జ్వాల మీద నీలిరంగు టోపీ వంటి కాంతి కనిపిస్తుంది. ప్రాణవాయువు తగ్గితే జ్వాల క్షీణిస్తుంది. ఈ విధంగా ఆ దీపం దారి చూపుతూనే ప్రమాదాన్ని కూడా హెచ్చరించింది.

అయితే ఆ వెలుగు చాలా మసకగా ఉండేది. ఏళ్ల తరబడి ఆ మసక వెలుగులో పనిచేసిన ఐరోపా గని కార్మికులలో కనుగుడ్లు నిలకడ తప్పి అటూ ఇటూ కదిలే ఒక నేత్రవ్యాధిని వైద్యులు గుర్తించారు. అనంతర కాలంలో నడుముకు బ్యాటరీ, తలకు బల్బు గల క్యాప్ ల్యాంపులు వచ్చాయి. జ్వాల పోయింది, వెలుగు పెరిగింది. కానీ బరువైన బ్యాటరీని షిఫ్టు ముగిసే వరకు మోయక తప్పలేదు. దీనికి కారణం ఆ బల్బు స్వభావంలోనే ఉంది.

బల్బులోని టంగ్‌స్టన్ తీగ ఎర్రగా, తెల్లగా కాగినప్పుడు వెలుగునిస్తుంది. అంటే ముందు వేడి పుట్టాలి, తరువాతనే వెలుగు రావాలి. తీగకు అందిన విద్యుత్తులో సుమారు 95 శాతం వేడిగానే పోతుంది. ఈ నష్టాన్ని బొగ్గు లెక్కలో చూస్తే దాని తీవ్రత అర్థమవుతుంది. గనిలో నుండి నూరు టబ్బుల బొగ్గు పైకి వచ్చిందనుకొందాం. థర్మల్ విద్యుత్ కేంద్రంలో దానిని మండిస్తే అందులోని శక్తిలో ముప్పై అయిదు టబ్బుల పాటి మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తుతో పాత బల్బును వెలిగిస్తే చివరకు వెలుగుగా మిగిలేది రెండు టబ్బుల శక్తి కూడా కాదు. తక్కిన తొంభై ఎనిమిది టబ్బుల కోసం కార్మికుడు కార్చిన చెమట గాలిలో వేడిగా కలిసిపోతుంది.

వేడితో పనిలేకుండా విద్యుత్తును నేరుగా వెలుగుగా మార్చలేమా? ఈ ప్రశ్నకు సమాధానం అర్ధవాహకాలలో లభించింది.

అర్ధవాహకం వెలిగే విధానం

రాగి, అల్యూమినియం వంటి లోహాలలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. అవి వాహకాలు. గాజు, పింగాణీ వంటి వాటిలో ప్రవహించదు. అవి బంధకాలు. సిలికాన్, గాలియం ఆర్సెనైడ్, జింక్ సల్ఫైడ్ వంటి పదార్థాలు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి. అవే అర్ధవాహకాలు.

అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్లు సాధారణంగా తమ పరమాణువుల బంధాలలో చిక్కుకొని ఉంటాయి. ఈ స్థితిని సంయోజకత పట్టీ అంటారు. తగినంత శక్తి అందితే కొన్ని ఎలక్ట్రాన్లు బంధాన్ని విడిచి పై అంతస్తు వంటి వహన పట్టీని చేరుకొంటాయి. ఈ రెండు పట్టీల నడుమ ఎలక్ట్రాన్ నిలువరాని ఖాళీ ఒకటి ఉంటుంది. దానినే నిషిద్ధ శక్తి అంతరం అని పిలుస్తారు. ఎలక్ట్రాన్ పైకి వెళ్లినప్పుడు క్రింద ఏర్పడే ఖాళీ స్థానానికి రంధ్రం అని పేరు.

ఇంక్లైన్‌లో టబ్బును హాలేజి తాడు పైకి లాగే దృశ్యం గని ప్రాంతాల వారికి తెలిసినదే. లాగడానికి ఖర్చయిన శక్తి ఆ టబ్బులో నిక్షిప్తమై ఉంటుంది. టబ్బు తిరిగి క్రిందికి జారితే ఆ శక్తి అంతా వేగరూపంలో బయటపడుతుంది. ఎత్తు ఎంత ఎక్కువైతే వెలువడే శక్తి అంత ఎక్కువ. ఎలక్ట్రాన్ విషయమూ ఇంతే. వహన పట్టీలోని ఎలక్ట్రాన్ క్రిందికి దిగి రంధ్రంతో కలిసినప్పుడు ఆ అంతరానికి సమానమైన శక్తిని వెలువరిస్తుంది. గాలియం ఆర్సెనైడ్ వంటి పదార్థాలలో ఈ శక్తి కాంతికణంగా, అంటే ఫోటాన్‌గా బయటికి వస్తుంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ దిగే దారి ఇంత నేరుగా ఉండదు. అందుచేత శక్తిలో అధికభాగం స్ఫటికపు కంపనాలుగా, వేడిగా మారిపోతుంది. కంప్యూటరు చిప్పులకు రాజు వంటి సిలికాన్ దీపాలకు పనికిరాకపోవడానికి ఇదే కారణం.

వెలుగు రంగును నిర్ణయించేది కూడా ఈ అంతరమే. శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో కొలిస్తే ఎర్రని కాంతికి సుమారు 1.8 నుండి 2, నీలి కాంతికి సుమారు 2.7 అవసరం. చిన్న అంతరం ఎరుపునిస్తే, పెద్ద అంతరం నీలాన్ని ఇస్తుంది.

స్ఫటికం గుండా విద్యుత్తు ప్రసరించినప్పుడు కాంతి వెలువడడాన్ని 1907లో హెచ్.జె. రౌండ్ గమనించాడు. 1920వ దశకంలో రష్యా దేశానికి చెందిన ఒలేగ్ లోసెవ్ దానిని లోతుగా పరిశీలించాడు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్రని కాంతినిచ్చే డయోడును రూపొందించాడు. ఆకుపచ్చ రంగు కూడా సాధ్యమైంది. నీలం మాత్రం ముప్పై ఏళ్ల పాటు అందని ద్రాక్షగానే మిగిలింది. నీలం లేనిదే తెల్లని వెలుగు రాదు. ఇందుకు తగిన గాలియం నైట్రైడ్ స్ఫటికాలను దోషాలు లేకుండా పెంచడం అత్యంత కష్టసాధ్యమైన పని. జపాన్ శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా దీర్ఘకాలపు కృషితో దీనిని సాధించారు. 1990వ దశకంలో ప్రకాశవంతమైన నీలి డయోడు వెలిగింది. దానిమీద పసుపు కాంతినిచ్చే పూతను వేస్తే నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. ఈ కృషికి ఆ ముగ్గురూ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని అందుకొన్నారు.

ఒక వాట్ విద్యుత్తుకు పాత బల్బు సుమారు 16 ల్యూమెన్ల కాంతినిస్తే, ట్యూబులైటు 70 వరకు ఇస్తుంది. ప్రయోగశాలలోని అత్యుత్తమ ఎల్.ఇ.డి. దీపాలు 300 ల్యూమెన్ల దాకా చేరుకొన్నాయి. ఇళ్లలో 60 వాట్ల బల్బు చేసే పనిని నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. చేస్తున్నది. మన దేశంలో 2015లో ఆరంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి. నూరు టబ్బుల లెక్కలో చూస్తే, వెలుగుగా మిగిలేది రెండు టబ్బుల లోపు నుండి పది, పన్నెండు టబ్బుల వరకు పెరిగింది. గని కార్మికుని క్యాప్ ల్యాంపులో ఎల్.ఇ.డి. చేరడంతో తక్కువ విద్యుత్తే సరిపోయి, నడుముకు వేలాడే బరువైన బ్యాటరీ స్థానంలో తేలికైనది వచ్చింది.

పరిమాణమే రంగును నిర్ణయిస్తే

ఇంతవరకు చెప్పుకొన్న దీపాలలో రంగు మారాలంటే పదార్థం మారాలి. ఎరుపుకు ఒకటి, నీలానికి మరొకటి. ఒకే పదార్థంతో అన్ని రంగులూ రాబట్టవచ్చునా? ఈ ప్రశ్నే నానో ప్రపంచానికి ద్వారం తెరిచింది.

నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. బొగ్గుగనిలో ఊపిరితిత్తుల లోపలికి చొరబడే సన్నని ధూళికణం వ్యాసం సుమారు 5 మైక్రోమీటర్లు, అంటే 5000 నానోమీటర్లు అనుకొందాం. దాని ఘనపరిమాణంలో 5 నానోమీటర్ల కణాలు నూరు కోట్లు ఇముడుతాయి. అంత చిన్న అర్ధవాహక కణంలో పరమాణువుల సంఖ్య కొన్ని వందల నుండి కొన్ని వేల వరకు ఉంటుంది.

ఈ స్థాయిలో పదార్థం తన స్వభావాన్ని మార్చుకొంటుంది. వీణ మీద ఒకే తీగను వేర్వేరు మెట్ల వద్ద నొక్కి మీటితే వేర్వేరు స్వరాలు పలుకుతాయి. తీగ అదే, లోహం అదే. కంపించే భాగపు పొడవు తగ్గినకొద్దీ శ్రుతి పెరుగుతుంది. ఎలక్ట్రాన్‌కు కూడా తరంగ స్వభావం ఉన్నది. పెద్ద స్ఫటికంలో అది స్వేచ్ఛగా విస్తరిస్తుంది. స్ఫటికం కొన్ని నానోమీటర్లకు కుదించుకుపోతే ఆ తరంగం ఇరుకున పడుతుంది. ఇరుకు పెరిగినకొద్దీ నిషిద్ధ శక్తి అంతరం కూడా పెరుగుతుంది. అంతరం పెరిగితే రంగు ఎరుపు నుండి నీలం వైపుకు జరుగుతుంది. కాడ్మియం సెలెనైడ్ అనే పదార్థాన్నే తీసుకొంటే, 6 నానోమీటర్ల కణాలు ఎర్రగా, మధ్యస్థ కణాలు పసుపు, ఆకుపచ్చగా, 2 నానోమీటర్ల కణాలు నీలివన్నెలో వెలుగుతాయి. ఇటువంటి కణాలకు క్వాంటం బిందువులని పేరు.

1981లో రష్యా శాస్త్రవేత్త అలెక్సీ ఎకిమోవ్ రంగుగాజును పరిశీలిస్తూ, అందులోని రాగి క్లోరైడు స్ఫటికాల పరిమాణాన్ని బట్టి కాంతిని శోషించే తీరు మారుతున్నదని కనుగొన్నాడు. ఆ సంగతి తెలియకుండానే 1983లో అమెరికాలో లూయీ బ్రూస్ ద్రావణంలో తేలియాడే కాడ్మియం సల్ఫైడ్ కణాలలో అదే ధర్మాన్ని గుర్తించాడు. అయితే కణాలన్నీ ఒకే పరిమాణంలో లేకపోతే రంగులు కలగాపులగమవుతాయి. 1993లో మౌంగీ బావెండి బృందం వేడి ద్రావణిలోకి రసాయనాలను ఒక్కసారిగా చొప్పించి, ఉష్ణోగ్రతను అదుపు చేస్తూ సమాన పరిమాణం గల కణాలను పెంచే పద్ధతిని రూపొందించింది. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కణం చిన్నదైనకొద్దీ దాని పరమాణువులలో ఉపరితలం మీద ఉండేవాటి పాలు పెరుగుతుంది. ఉపరితలంలోని లోపాలలో ఎలక్ట్రాన్లు చిక్కుకొంటే వెలుగు తగ్గిపోతుంది. అందుకే నేరేడు గింజ చుట్టూ గుజ్జు ఉన్నట్లు కాడ్మియం సెలెనైడ్ కేంద్రం చుట్టూ జింక్ సల్ఫైడ్ పొరను కప్పుతారు. ఆ రక్షణతో కణం మరింత ప్రకాశిస్తుంది. నేడు కొన్ని టెలివిజన్ తెరలలో స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ రంగులనిచ్చేవి ఈ బిందువులే.

బొగ్గులో దాగిన బిందువులు

తెలుగు ఇళ్లలో ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన మసితో కాటుక చేసే ఆచారం ఉండేది. వెలుగును మింగే నలుపుకు కాటుకే ఉపమానం. కానీ ఆ మసిలోనే వెలుగు దాగి ఉందని ఈ శతాబ్దపు పరిశోధనలు నిరూపించాయి. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు కార్బన్ నానో నాళికలను మసి నుండి వేరుచేసి శుద్ధి చేస్తుండగా, అనుకోకుండా అతినీలలోహిత కాంతిలో మెరిసే కార్బన్ కణాలు బయటపడ్డాయి. 2007లో క్రొవ్వొత్తి మసి నుండి కూడా రంగురంగుల కాంతినిచ్చే కణాలను వేరుచేశారు. ఇలా ఒక కాంతిని గ్రహించి వెంటనే మరో రంగు కాంతిని వెలువరించే ధర్మాన్ని ప్రతిదీప్తి అంటారు.

బొగ్గు వంతు 2013లో వచ్చింది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం బొగ్గు పొడిని గంధకామ్లం, నత్రికామ్లాల మిశ్రమంలో కలిపి ఒక రోజు పాటు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసింది. ఆ చర్య వల్ల గ్రాఫీన్ క్వాంటం బిందువులు లభించాయి. బిట్యుమినస్ జాతి బొగ్గు నుండి వచ్చిన కణాలు సగటున 3 నానోమీటర్ల పరిమాణంలో ఉన్నాయి. బొగ్గు బరువులో 20 శాతం దాకా ఈ కణాలుగా మారింది.

ఇది సాధ్యం కావడానికి కారణం బొగ్గు నిర్మాణంలో ఉన్నది. సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం గోండ్వానా భూభాగపు అడవులు మట్టిలో కూరుకుపోయి, ఒత్తిడికీ వేడికీ లోనై బొగ్గుగా మారాయి. ఆ క్రమంలో కార్బన్ పరమాణువులు ఆరేసి చొప్పున వలయాలుగా కూడి, తేనెపట్టు గదుల వంటి చిన్న చిన్న పలకలుగా ఏర్పడ్డాయి. ఆ పలకలను బలహీనమైన బంధాలు ఒకదానితో ఒకటి కలిపి ఉంచుతాయి. ఆమ్లం ఆ బలహీన బంధాలను తెంచితే నానో పలకలు విడివడతాయి. పెద్ద గ్రాఫీన్ పలకకు నిషిద్ధ శక్తి అంతరం లేదు. అది వెలగదు. దానినే కొన్ని నానోమీటర్లకు కత్తిరిస్తే అంతరం ఏర్పడి వెలుగు పుడుతుంది. అంచులలో చేరిన ఆక్సిజన్ వంటి పరమాణువులు కూడా ఆ వెలుగు రంగును ప్రభావితం చేస్తాయి. బొగ్గును ప్రకృతి ముందుగానే నానో ముక్కలుగా అమర్చి ఉంచిందన్నమాట.

ఈ ఆవిష్కరణను అతిశయంగా భావించరాదు. బొగ్గు బిందువుల వెలుగు సాధారణంగా కాడ్మియం బిందువుల వెలుగుకు సాటిరాదు. తయారీలో వాడిన ఆమ్లాలను శుద్ధి చేయడం మరో సమస్య. జీవకణాల చిత్రణలోను, నీటిలో కలిసిన లోహ మాలిన్యాలను గుర్తించడంలోను వీటిని వాడేందుకు ప్రయోగాలు సాగుతున్నాయి. వాటికి కావలసిన బొగ్గు గ్రాములలో ఉంటుంది. విద్యుత్ కేంద్రాలకు కావలసినది లక్షల టన్నులలో ఉంటుంది. కనుక గని బ్రతుకును ఇవి ఒక్కనాడే మార్చలేవు. కాల్చడం తప్ప బొగ్గుకు మరో విలువ లేదన్న భావనను మాత్రం ఇవి మార్చాయి.

వెలుగు వెనుక జాగ్రత్త

నానో కణం గుణానికి కారణమైన చిన్నతనమే దాని దోషానికీ కారణం కాగలదు. బొగ్గు ధూళిని ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు నల్లబడి గట్టిపడే వ్యాధి గని ప్రాంతాలలో చిరపరిచితం. కంటికి కానరాని కణం దేహంలోకి ఎంత లోతుగా చొరబడగలదో ఆ వ్యాధి చెబుతుంది. కాడ్మియం విషలోహం. పెరోవ్‌స్కైట్ జాతి నానో స్ఫటికాలు ఎంతో కాంతివంతమైనవే అయినా వాటిలో అధికభాగం సీసంతో కూడినవి. అందువల్ల ఇండియం ఫాస్ఫైడ్, జింక్ సల్ఫైడ్, కార్బన్ వంటి తక్కువ హానికరమైన పదార్థాల వైపు శాస్త్రజ్ఞులు దృష్టి సారించారు. జింక్ సల్ఫైడ్‌లో స్వల్పంగా మాంగనీసు కలిపితే అది నారింజ వన్నె కాంతినిస్తుంది.

ఈ అన్వేషణలో తెలుగు నేల కూడా పాలుపంచుకొంటున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ఆచార్య అనునయ్ సమంత బృందం పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాల కాంతి ధర్మాలను పరిశోధించింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో జింక్ సల్ఫైడ్ నానో కణాల పైన, కాంతినిచ్చే గాజుల పైన అధ్యయనాలు జరిగాయి. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏ.ఆర్.సి.ఐ. సంస్థలో నానో పదార్థాలకు ప్రత్యేక కేంద్రం నెలకొన్నది. కేంద్ర ప్రభుత్వం 2001లో ఈ రంగంలో ఒక కార్యక్రమాన్ని ఆరంభించి, 2007లో దానిని నానో మిషన్‌గా విస్తరించింది.

అర్ధవాహకం విద్యుత్తును వెలుగుగా మార్చినట్లే వెలుగును విద్యుత్తుగా కూడా మార్చగలదు. సూర్యకాంతి తగిలి ఎలక్ట్రాన్ పై పట్టీకి ఎగసినప్పుడు దానిని తీగ ద్వారా బయటికి రప్పిస్తే అదే సౌరఫలకం. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రాన్ని నడుపుతున్న సింగరేణి సంస్థ తన బొగ్గు ప్రాంతాలలో సౌరవిద్యుత్ కేంద్రాలను కూడా నెలకొల్పింది. బొగ్గు నేల మీద అర్ధవాహకం ఈ విధంగా రెండు వైపుల నుండి అడుగుపెట్టింది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. నాటి నుండి నేటి వరకు బొగ్గు విలువను టన్నులతో లెక్కించడమే అలవాటు. కాలిన బొగ్గు తిరిగి రాదు. దానికోసం గనిలో గడిచిన మనిషి ఆయుష్షూ తిరిగి రాదు. కనుక ప్రతి టబ్బు నుండి ఎంత ఎక్కువ వెలుగును, ఎంత ఎక్కువ ప్రయోజనాన్ని రాబట్టగలమన్నది శాస్త్రప్రశ్న మాత్రమే కాదు, శ్రమకు చెల్లించవలసిన ఋణం కూడా. ఆ ఋణం తీర్చే దారి పదార్థపు సూక్ష్మస్వరూపాన్ని తెలుసుకోవడంలో ఉన్నదని డేవీ జాలీదీపం నుండి క్వాంటం బిందువు దాకా సాగిన చరిత్ర చెబుతున్నది. గోలేటి, బెల్లంపల్లి, గోదావరిఖని వంటి ఊళ్లలో తండ్రులు, తాతలు దీపం ధరించి బొగ్గును వెదికారు. ఆ ఇళ్ల నుండి కళాశాలకు వచ్చిన విద్యార్థులు ఇప్పుడు ఆ బొగ్గులోనే దీపాన్ని వెదకవచ్చు.